కొండలను కాగితములో భద్రపరచిన తల్లి: బియాట్రిక్స్ పాటర్ జీవితము

నూరు సంవత్సరముల పండుగకు తెచ్చుచున్న ఈ సంచికలో మన డయోసిస్‌కు సేవచేసిన పెద్దల జీవితములను గూర్చి పలువురు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన దేశస్థురాలు కాని, మన సంఘ సభ్యురాలు కాని ఒక స్త్రీని గూర్చి వ్రాయుటకు పూనుకొన్నాము. ఎందుకని అడుగువారికి ముందుగా కారణము చెప్పవలెను.

మేము గురువు పనిలో చేరిన తొలి దినములలో ఒక పల్లె సంఘములో ఉన్నాము. అక్కడ ఒక వృద్ధురాలికి చెరువుకట్ట క్రింద ఎకరమున్నర తోపు ఉండేది. చింతలు, మామిళ్లు, నడుమ ఒక పాత మఱ్ఱి. ఎండవేళ ఊరి పశువులు ఆ నీడను పడుకొనేవి. సండేస్కూలు పిల్లల విందులు ఆ చెట్ల క్రిందనే జరిగేవి. తన తరువాత కూడ ఆ తోపును ఎవరూ నరకకూడదనీ, అది ఊరికీ సంఘానికీ నీడగా ఉండిపోవాలనీ ఆమె పదిమంది ఎదుట అనేవారు. మేము విని సంతోషించి ఊరకున్నాము. ఒక కాగితము వ్రాయించుదామన్న తలంపు మాకు రాలేదు. ఒకవేళ వచ్చినా, బ్రతికియున్న మనిషి దగ్గర చావు మాట ఎత్తుట మర్యాద కాదని మొగమాటపడియుందుము. ఆమె ప్రభువునందు నిద్రించిన రెండేండ్లకు వారసులు తోపును అమ్మివేశారు. వారిది తప్పు అనలేము. ఆమె కోరిక వారి చేతిలో కాగితముగా లేదు, మా చేతిలోనూ లేదు. ఇప్పుడు అక్కడ మఱ్ఱి లేదు, ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నవి.

ఆ తరువాత కొన్ని యేండ్లకు బియాట్రిక్స్ పాటరు గారి జీవితము చదివినప్పుడు మా మనస్సు ఆ తోపు దగ్గరకే పోయింది. కుందేలు పిల్ల కథ వ్రాసిన రచయిత్రిగా ఆమె పేరు ఇంగ్లీషు బడిలో చదివిన మన పిల్లలకు తెలియును. నాలుగువేల ఎకరములకు మించిన కొండ భూమిని చెక్కుచెదరకుండ రాబోవు తరములకు అప్పగించిన స్త్రీగా ఆమెను ఎరిగినవారు తక్కువ.

పెద్దింటి ఒంటరి బాలిక

ఆమె 1866వ సంవత్సరము జూలై 28వ తేదీన లండను నగరములో జన్మించారు. తండ్రి రూపర్టు పాటరు బారిస్టరు చదువు చదివినవాడు. కాని వృత్తి చేయవలసిన అవసరము ఆయనకు పెద్దగా లేదు. ఆయన తండ్రి ఎడ్మండు పాటరు గ్లాసప్ పట్టణము దగ్గర నూలు బట్టలకు అద్దకము వేయు పెద్ద కర్మాగారము నడిపి, పార్లమెంటు సభ్యుడు కూడ అయినవాడు. తల్లి హెలెన్ గారి పుట్టింటివారిదీ లాంకషైరు నూలు వ్యాపారపు సంపదే. మతము విషయములో ఆ కుటుంబము యూనిటేరియన్ శాఖకు చెందినది. ఆ శాఖవారు త్రిత్వమును ఒప్పుకొనరు గనుక వారి సిద్ధాంతము మన సంఘ విశ్వాసముతో కలియదు. ఈ సంగతి దాచిపెట్టుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాము. అయినను మంచి గృహనిర్వాహకత్వము ఎక్కడ కనబడినా దానినుండి నేర్చుకొనుటకు మనకు అభ్యంతరము ఉండరాదు.

బియాట్రిక్సును బడికి పంపలేదు. ఇంటికే ఉపాధ్యాయినులు వచ్చి చదువు చెప్పేవారు. తోడుగా ఆరేండ్ల చిన్నవాడైన తమ్ముడు బెర్ట్రాము ఒక్కడే. స్నేహితులు లేని ఆ పిల్ల కుందేళ్లను, ఎలుకలను, ముళ్లపందిని, గబ్బిలమును మేడమీది గదిలో పెంచుకొని, వాటి కదలికలను గంటల తరబడి చూచి బొమ్మలు వేసేది. చనిపోయిన జంతువుల ఎముకలను సహితము కూర్చి పరీక్షించేది. పదునైదేండ్ల ప్రాయమునుండి ముప్పది యేండ్లవరకు తాను కల్పించుకొన్న రహస్య లిపిలో దినచర్య వ్రాసుకొన్నారు. ఆమె చనిపోయిన పదునైదు సంవత్సరములకు, 1958లో, లెస్లీ లిండర్ అనే ఆయన ఎంతో శ్రమపడి ఆ లిపి గుట్టు విప్పేవరకు దానిని ఎవరూ చదువలేకపోయారు.

ప్రతి వేసవికి ఆ కుటుంబము లండను విడిచి, సేవకులతోను సామానుతోను పల్లెసీమకు పోయి కొన్ని నెలలు ఉండేది. పదేండ్లకు పైగా స్కాట్లండులోని డాల్గైజు అనే చోట ఒకే ఇంటికి వెళ్లారు. 1882లో ఆ ఇల్లు దొరకక, ఇంగ్లండు ఉత్తర భాగమున సరస్సుల సీమ అని పేరుపొందిన ప్రాంతములో, విండర్మియరు సరస్సు ఒడ్డున ఉన్న వ్రే కోటను అద్దెకు తీసికొన్నారు. ఇల్లు దొరకకపోవుట అను ఈ చిన్న విషయమే ఆమె జీవితమునకు దారి చూపినది.

వ్రే గ్రామపు గురువు

ఆ వ్రే గ్రామములో అప్పుడు హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే గురువు పనిచేయుచుండెను. వయస్సు ముప్పది దాటినది కొద్దిగానే. ప్రసంగము, పరామర్శ, బాప్తిస్మము, పెండ్లి, సమాధి, ఇవన్నీ చేయుచునే ఆయన ఇంకొక భారమును నెత్తిన వేసికొన్నారు. ఆ కొండల నడుమ పలక రాయి మోయుటకు రైలుమార్గములు వేయుదురని, సరస్సుల ఒడ్డున ధనికులు విల్లాలు కట్టుదురని, తరతరములుగా జనులు నడచిన కాలిబాటలను మూసివేయుదురని ఆయన చూచారు. 1883లో ఒక రైలుమార్గపు ప్రయత్నమును ఎదిరించి ఆపించుటలో ముందు నిలిచారు. ఆ యేడే కెజిక్ పట్టణము దగ్గర క్రాస్తువెయిట్ సంఘమునకు గురువుగా వెళ్లారు. తరువాత కార్లైల్ కథీడ్రలు కానను అయ్యారు.

ఎదిరించుటవలన ఒక రైలు ఆగవచ్చును, రెండు ఆగవచ్చును. కాని భూమి అమ్ముడుపోవుచున్నంతకాలము ఆ పోరాటము తీరదని ఆయనకు అర్థమైనది. నిన్న ఆపినదానిని రేపు కొత్త యజమాని చేయును. కనుక అమ్ముట అనే హక్కే లేని యజమాని ఒకరు కావలెను. ఈ ఆలోచనతోనే 1895లో ఆయన, లండను పేదల గృహముల కొరకు పాటుపడిన అక్టేవియా హిల్ గారు, న్యాయవాది రాబర్టు హంటరు గారు ముగ్గురు కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించారు. దానికి మొదటి భూమిని ఇచ్చినది ఫ్యానీ టాల్బటు అనే స్త్రీ. వేల్సు సముద్రతీరమున అయిదెకరములకు లోపే ఉన్న ఒక కొండవాలు అది. దాని మొదటి భవనము 1896లో పది పౌన్లకు కొన్న ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊరి పాత గురువుగారి ఇల్లు. గురువుల బంగళాల కప్పులు కారుచున్నవని విసుగుకొను మనవంటివారు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

1907లో పార్లమెంటు ఒక చట్టము చేసి ఈ ట్రస్టుకు అరుదైన అధికారము ఇచ్చినది. ట్రస్టు ఏ భూమిని అన్యాక్రాంతము కాకూడనిదిగా ప్రకటించునో, ఆ భూమిని ఆ తరువాత ట్రస్టే అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. పార్లమెంటు అనుమతి లేక ప్రభుత్వమైనను దానిని బలవంతముగా తీసికొనుట కష్టము. ఈ ఒక్క ఏర్పాటును పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెను. ముందు కథకు కీలకము ఇదే.

రాన్స్‌లీ గారు పాటరు కుటుంబమునకు స్నేహితుడయ్యారు. తండ్రి రూపర్టు ట్రస్టుకు మొట్టమొదటి జీవిత సభ్యుడుగా చేరారు. పదునారేండ్ల ఆ సిగ్గరి బాలిక బొమ్మలను చూచి మెచ్చుకొని ప్రోత్సహించిన పెద్దలలో ఈ గురువు ముఖ్యుడు. తన మాటలు ఆ పిల్ల మనస్సులో నలుబది యేండ్ల తరువాత వేల ఎకరములై పండునని ఆయనకు అప్పుడు తెలియదు.

కుట్టు పుస్తకమంత కుందేలు కథ

యౌవనములో ఆమెకు శాస్త్రముమీద మక్కువ ఎక్కువ. పుట్టగొడుగులను వందలకొలది చిత్రములుగా గీసి, వాటి బీజములు మొలకెత్తు విధమును సూక్ష్మదర్శినిలో చూచి ఒక పత్రము వ్రాశారు. 1897 ఏప్రిల్ 1వ తేదీన ఆ పత్రమును లండనులోని లినియన్ సొసైటీ ముందు ఒక పురుషుడు ఆమె పక్షముగా సమర్పింపవలసి వచ్చినది. స్త్రీలకు ఆ సభలో ప్రవేశము లేదు. సరిగా నూరేండ్ల తరువాత, 1997లో, ఆ సొసైటీవారు తమ పూర్వులు ఆమెయెడల జరిగించిన అన్యాయమునకు క్షమాపణ తెలిపారు.

ఆ తలుపు మూసికొనగా ఇంకొకటి తెరచుకొన్నది. 1893 సెప్టెంబరులో, తన పాత ఉపాధ్యాయిని కుమారుడు జబ్బుపడి మంచమున ఉండగా, వానిని సంతోషపెట్టుటకు ఆమె పీటరు అనే కుందేలు పిల్ల కథను బొమ్మలతో ఉత్తరముగా వ్రాశారు. ఏడేండ్ల తరువాత దానిని పుస్తకము చేయవలెనని తోచి ప్రచురణకర్తలకు పంపగా, పలువురు త్రిప్పి పంపారు. రాన్స్‌లీ గారు ప్రోత్సహించి, ఆ కథను తానే పద్యములుగా మార్చి ప్రయత్నించారు. పద్యములకన్న ఆమె వచనమే మేలని ప్రచురణకర్తలకు తోచుట మన అదృష్టము. 1901లో ఆమె తన సొమ్ముతో 250 ప్రతులు వేయించుకొన్నారు. 1902లో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ రంగు బొమ్మలతో దానిని ప్రచురించగా ఆ యేడాదిలోనే మరల మరల అచ్చువేయవలసి వచ్చినది. ఆమె ఉండగానే ఇరువదికి పైగా చిన్న పుస్తకములు వెలువడినవి. పిల్లల చేతిలో ఇమిడే పుస్తకము, పేదలు కొనగలిగే వెల. ఈ రెండింటి విషయములో ఆమె పట్టు విడువలేదు.

ఇంతవరకు తలిదండ్రుల ధనముమీద బ్రతికిన స్త్రీకి ఇప్పుడు తన సంపాదన అనేది ఏర్పడినది. ఆ సంపాదనతో ఏమి చేసినారన్నదే తక్కిన కథ.

దుఃఖములో కొన్న ఫారము

ఆమె పుస్తకములను చూచుచుండిన నార్మన్ వార్న్ గారు 1905 జూలైలో ఆమెను వివాహమాడ కోరారు. వ్యాపారపు కుటుంబములోని వాడని ఆమె తలిదండ్రులు ఒప్పుకొనలేదు. వారి స్వంత కలిమి బట్టల అద్దకములోనుండి వచ్చినదన్న సంగతి వారు మరచారు కాబోలు. ముప్పదితొమ్మిదేండ్లు నిండిన కుమార్తె ఎదురు చెప్పి ఉంగరము తొడుగుకొన్నది. నెల తిరుగకమునుపే, ఆగస్టు 25న, నార్మన్ గారు రక్తపు కాన్సరుతో మరణించారు. ఆయనకు ముప్పదియేడు సంవత్సరములు.

ఆ యేటి చివర ఆమె సరస్సుల సీమలో నియర్ సారీ అనే చిన్న ఊరిలో హిల్ టాప్ అనే ఫారమును కొన్నారు. ముప్పదినాలుగు ఎకరములు మాత్రమే. పుస్తకములవలన వచ్చిన సొమ్ముకు ఒక పినతల్లి వదలిపోయిన కొంత ధనము చేరినది. అక్కడ సాగుచేయుచున్న కౌలుకుటుంబమును ఆమె వెళ్లగొట్టలేదు. వారికొరకు ఇంటికి కొత్త భాగము కట్టించి, పాత భాగమును తాను ఉంచుకొన్నారు. ముసలి తలిదండ్రులను చూచుకొనవలసిన బాధ్యతవలన లండనునుండి అప్పుడప్పుడు మాత్రమే రాగలిగేవారు. అయినను ఆ ఇల్లు, ఆ తోట, ఆ ఊరి మెట్లు, గేట్లు, కోళ్లు, బాతులు ఆమె తరువాతి పుస్తకములలో నిండిపోయినవి.

1909లో ప్రక్కనున్న కాసిల్ ఫారము కొన్నారు. ఈ కొనుగోళ్లలో దస్తావేజులు చూచి, హద్దులు నిర్ణయించి సాయపడినవాడు హాక్స్‌హెడ్ పట్టణపు సొలిసిటరు విలియం హీలిస్. ఆయన ఒక గురువుగారి కుమారుడు. ఈసారి కూడ ఇంటివారు అభ్యంతరపెట్టారు. 1913 అక్టోబరు 15న లండనులో వివాహము జరిగినది. అప్పటికి ఆమెకు నలుబదియేడేండ్లు. ఆనాటినుండి ఊరివారికి ఆమె రచయిత్రి పాటరు కాదు, మిసెస్ హీలిస్.

గొఱ్ఱెలు, కొండ, కాపరి

సరస్సుల సీమలో హెర్డ్‌విక్ అనే జాతి గొఱ్ఱెలున్నవి. పిల్లలు నల్లగా పుట్టును. పెరిగినకొలది ముఖము తెల్లబడి, ఉన్ని బూడిదరంగుకు తిరుగును. ఉన్ని ముతకది, ధర తక్కువ. కాని మంచు, గాలి, వానలకు ఓర్చుటలో వాటికి సాటి తక్కువ. కొండపైన కంచెలు లేవు. అయినను ఒక్కొక్క మంద తన మేత నేలను విడిచి పోదు. ఏ రాయివరకు తమదో, ఏ వాగు దాటకూడదో తల్లి గొఱ్ఱె వెంట తిరిగి పిల్ల నేర్చుకొనును. దానినుండి దాని పిల్ల నేర్చుకొనును. ఇది ఏ కాగితములోను లేని పట్టా. మంద ఒకసారి చెదరినదా, కొత్త గొఱ్ఱెలను తెచ్చి ఆ కొండకు అలవాటు చేయుటకు సంవత్సరములు పట్టును. అందుచేత అక్కడి ఆచారము ప్రకారము మంద ఫారముకు చెందియుండును. కౌలుదారుడు మారినప్పుడు వచ్చినన్ని గొఱ్ఱెలను అప్పగించి పోవలెను.

రాన్స్‌లీ గారు తన కుమారునితో కలిసి 1899లోనే ఈ జాతి రక్షణకు ఒక సంఘమును ఏర్పరచారు. గురువుగారు మొదలుపెట్టినదానిని ఆమె చేతబట్టి పని చేశారు. 1923లో ట్రౌట్‌బెక్ పార్కు అనే సుమారు రెండువేల ఎకరముల కొండ ఫారము అమ్మకమునకు రాగా, అది ఇండ్లస్థలములుగా చీలిపోవునని భయపడి కొన్నారు. అక్కడి గొఱ్ఱెలు కార్జపు జలగ రోగముతో కృశించియుండెను. టామ్ స్టోరీ అనే నేర్పరియైన కాపరిని పిలిచి, మంచి జీతమిచ్చి, మందను నిలబెట్టారు. కొన్నాళ్లకు ఆమె గొఱ్ఱెలు ప్రదర్శనలలో బహుమతులు గెలుచుకొన్నవి. హెర్డ్‌విక్ ఉన్నితో నేసిన ముతక దుస్తులు వేసికొని, చెక్క చెప్పులు తొడుగుకొని, వానకు గోనెపట్టా కప్పుకొని బురదలో తిరిగే ఆమెను చూచి దారినపోవు బిచ్చగాడొకడు తనవంటి దేశదిమ్మరియే అనుకొన్నాడట. ఈ కథను ఆమెయే ఇష్టముగా చెప్పుకొనేవారు. హెర్డ్‌విక్ పెంపకందార్ల సంఘమువారు 1944వ సంవత్సరమునకు ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నారు. ఆ పదవి చేపట్టుటకు ఆమె బ్రతికియుండలేదు.

భూమి ఒక్కటే కాదు, ఊరి మనుష్యులును ఆమె తలంపులో ఉన్నారు. వైద్యము అందని ఆ పల్లెలకు ఇల్లిల్లు తిరిగే నర్సును ఏర్పాటు చేయుటలో ఆమె ముఖ్య కారకురాలు.

సగము సొమ్ము, సగము నమ్మకము

1920లో రాన్స్‌లీ గారు మరణించారు. చనిపోవువరకు ట్రస్టుకు గౌరవ కార్యదర్శి ఆయనే. ఆయన పోయిన తరువాత ఆ భారము తగ్గలేదు. 1927లో విండర్మియరు ఒడ్డున కాక్‌షాట్ పాయింటు అనే స్థలము కట్టడములపాలు కాబోవుచుండగా, ఆమె తన కుందేలు బొమ్మలను యాభై సార్లు స్వహస్తముతో మరల వేసి, సంతకముచేసి అమెరికాకు పంపారు. అక్కడి పిల్లల సాహిత్య పత్రిక ఒకటి వాటిని తలకొక గినీ చొప్పున అమ్మి సొమ్ము పంపినది. అరువదేండ్లు దాటిన, కంటిచూపు తగ్గుచున్న స్త్రీ చేసిన పని ఇది.

1930లో మాంక్ కోనిస్టన్ అనే నాలుగువేల ఎకరములకు పైబడిన ఎస్టేటు అమ్మకమునకు వచ్చినది. టార్న్ హౌస్ అనే అందమైన కొలను అందులోనిదే. ముక్కలుగా అమ్ముడైనచో లోయలు విడిపోవును. ట్రస్టు దగ్గర అప్పటికి అంత సొమ్ము లేదు. ఆమె మొత్తము తానే కొని, చందాలు పోగుచేసికొన్న తరువాత సగభాగమును కొన్న వెలకే ట్రస్టుకు ఇచ్చుటకు ఒప్పుకొన్నారు. ఒక్క పెన్నీ లాభము తీసికొనలేదు. అంతేకాక, ట్రస్టుకు ఇచ్చిన భాగమును కూడ కొన్ని యేండ్లు తానే పర్యవేక్షించారు. ఏ కొట్టము కప్పు కారుచున్నది, ఏ గోడ కూలినది, ఏ కౌలుదారుడు అద్దె ఇయ్యలేకున్నాడు, ఇవన్నీ స్వయముగా చూచి వ్రాసిపంపేవారు. ఇచ్చివేసి చేతులు దులుపుకొనుట ఆమె పద్ధతి కాదు. పుచ్చుకొనువారికి ఇచ్చినదానిని ఎట్లు కాపాడవలెనో కూడ నేర్పిన దాత ఆమె.

వీలునామా

1943 డిసెంబరు 22న, యుద్ధకాలపు చలిలో, సారీ గ్రామమున ఆమె కన్నుమూశారు. వయస్సు డెబ్బదియేడు. ఆమె కోరిక ప్రకారము కాపరి టామ్ స్టోరీ చితాభస్మమును హిల్ టాప్ పైనున్న కొండమీద చల్లాడు. ఏ చోటనో ఎవరికీ తెలియజేయలేదు. సమాధి రాయి లేదు. ఆమెకు రాయి కావలసిన పని లేదు గదా, కొండలే ఉన్నవి.

వీలునామా తెరచినప్పుడు ఆమె ఆలోచన ఎంత దూరము నడచినదో లోకమునకు తెలిసినది. దానిలోని క్రమమును మనము జాగ్రత్తగా గమనింపవలెను.

మొదటిది, ఆమె ఇంటివారిని మరువలేదు. ఆస్తిపై భర్తకు జీవితకాలపు అనుభవ హక్కు ఉంచారు. ఆయన బ్రతికియున్నంతకాలము ఆయనదే, ఆయన తరువాత నేషనల్ ట్రస్టుది. విలియం గారు 1945 ఆగస్టులో మరణించగా, పదునాలుగు పదునైదు ఫారములు, వాటి కుటీరములు, మందలు, మొత్తము నాలుగువేల ఎకరములకు పైగా భూమి ట్రస్టుకు చేరినది. పుస్తకముల హక్కులు భర్త తరువాత నార్మన్ గారి మేనల్లునికి పోవునట్లు వ్రాశారు. ముప్పది యెనిమిదేండ్ల క్రిందట పోయినవాని ఇంటికి అది ఆమె తీర్చిన ఋణము.

రెండవది, అమ్ముకొనలేని చేతికి ఇచ్చారు. 1907 నాటి చట్టము కలిగిన ట్రస్టు కాక వేరెవ్వరికిచ్చినను, ఒక తరము తరువాత మరల వేలము పాట వచ్చియుండును.

మూడవది, భూమిని బొమ్మవలె అద్దాలబీరువాలో పెట్టుటకు ఇయ్యలేదు. కొండ ఫారములలోని మందలు ఎప్పటికిని స్వచ్ఛమైన హెర్డ్‌విక్ జాతిగానే ఉండవలెనని వీలునామాలో కోరారు. అనగా ఆ కొండలలో కాపరులుండవలెను, కౌలుకుటుంబములుండవలెను, రాతిగోడలు కట్టు పనివారుండవలెను. మనుష్యులు బ్రతుకని భూమి కొంతకాలమునకు బీడగునని ఆమెకు తెలియును.

నాల్గవది, ఇదంతయు ఆమె మంచమున పడిన తరువాత పుట్టిన ఆలోచన కాదు. ఇరువది యేండ్లకు పైగా ఏ ఫారము కొనినను అది చివరకు ఎవరికి చేరవలెనో ఎరిగి కొన్నారు. వీలునామా చివరి సంతకము మాత్రమే.

ఫలితము ఏమి? హిల్ టాప్ ఇంటిని 1946లో ప్రజలు చూచుటకు తెరచారు. 1951లో ఆ ప్రాంతము జాతీయ వనముగా ప్రకటింపబడినది. 2001లో గాలికుంటు వ్యాధి ఇంగ్లండు పశువులను తుడిచిపెట్టినప్పుడు హెర్డ్‌విక్ మందలు ఎన్నో పోయినవి. అయినను మిగిలిన మందలతో ఆ జాతి మరల నిలబడినది. 2017లో యునెస్కోవారు సరస్సుల సీమను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించారు. అందుకు చూపిన కారణములలో కొండ గొఱ్ఱెల వ్యవసాయము ఒకటి, ఆ భూమిని రక్షించుటకు జరిగిన ఉద్యమము ఒకటి. ఒక గురువును, ఒక రచయిత్రిని ఆ రెండింటిలోను చూడవచ్చును.

మన మాట

పాటరు గారికి పిల్లలు లేరు, మాకు ఉన్నారు గదా అని కొందరు అడుగుదురు. అది న్యాయమైన మాటే. పిల్లల నోటిదగ్గరి కూడు తీసి సంఘమునకిమ్మని మేము చెప్పము. చెప్పిన గురువును మీరు నమ్మవద్దు. ఆమె కూడ ముందు భర్తను చూచిన తరువాతనే ట్రస్టును చూచారు. కాని మనలో సంతానము లేనివారున్నారు. పిల్లలు విదేశములలో స్థిరపడి, ఇక్కడి తోట ఎవరికీ అక్కరలేని వారున్నారు. కుంటలు, తోపులు, బీళ్లు కలిగి వాటిని చూచుకొని మురిసిపోవు పెద్దలున్నారు. మన డయోసిస్‌లో ఎన్నో బడులు, ఆస్పత్రులు, సమాధుల తోటలు ఇట్టివారు ఇచ్చిన నేలమీదనే నిలిచినవి. అట్లు ఇచ్చినదానిని ఇచ్చినవారి ఉద్దేశము మరచి పోగొట్టుకొన్న చోట్లును లేకపోలేదు. కనుక ఇచ్చువారికి ఎంత ఆలోచన కావలెనో, పుచ్చుకొను మనకు అంతకంటె ఎక్కువ భయభక్తులు కావలెను.

మన దేశములో ఒక అడ్డంకి తొలగిన సంగతి కూడ చెప్పవలెను. 1925 నాటి భారత వారసత్వ చట్టములోని 118వ సెక్షను ప్రకారము, దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యములకు ఆస్తిని వ్రాయవలెనంటే, చనిపోవుటకు పండ్రెండు నెలలు ముందే వీలునామా వ్రాసి, వ్రాసిన ఆరు నెలలలోగా చట్టము చెప్పిన చోట దాఖలు చేసియుండవలెను. లేనియెడల అది చెల్లదు. కేరళకు చెందిన ఒక గురువు దీనిని సవాలు చేయగా, 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షను రాజ్యాంగమునకు విరుద్ధమని కొట్టివేసినది. ఇప్పుడు ఆ గడువు లేదు. మిగిలినది సులభము. స్పష్టముగా వ్రాయవలెను. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆస్తి పొందువారు గాని వారి భార్య లేక భర్త గాని సాక్షిగా ఉండరాదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయించుట మేలు. ఈ నాలుగు మాటలు చెప్పుట గురువు పని కాదని మేము ఒకప్పుడు అనుకొన్నాము. వ్రే గ్రామపు గురువు అట్లు అనుకొనలేదు.

భూమి దేవునిదనియు, మనము దానిమీద కొంతకాలము పనిచేయు గృహనిర్వాహకులమనియు ప్రతి ఆదివారము వినుచున్నాము. గృహనిర్వాహకుడు లెక్క అప్పగించి పోవలెను. నోటిమాటగా ఉన్న కోరిక మనతోనే మట్టిలో కలిసిపోవును. మా మొదటి సంఘములోని ఆ తోపు అట్లే పోయినది. ఆ మఱ్ఱి మరల రాదు. కాని ఈ సంచిక చదువు వారిలో ఎవరైనా ఒకరు ఈ సాయంకాలము తన వారిని కూర్చుండబెట్టుకొని, మొగమాటము విడిచి, తన చెట్లు తన తరువాత ఎవరి చేతిలో ఉండవలెనో మాట్లాడి కాగితముపై పెట్టినయెడల, రెండవ శతాబ్దములోనికి పోవు మన పిల్లలకు కొంత నీడ మిగులును. అట్టి మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక.